తామర గింజ: గీరితేనే మొలక

పూజా సామగ్రి దుకాణంలో దొరికే నల్లటి తామర గింజ మొలుస్తుందా? మొలుస్తుంది. అయితే ఉడికించినదీ, మాల గుచ్చడానికి బెజ్జం వేసినదీ పనికిరావు. ఫూల్ మఖానా అసలు తామరే కాదు, వేరే నీటి మొక్క గింజల్ని వేయించి పేల్చినవి. ఆన్‌లైన్‌లో నీలి తామర అని అమ్మే పొట్లాలనూ నమ్మకండి. మన తామరకున్నవి తెలుపు, గులాబీ ఛాయలే. నీలంగా పూసేది కలువ. కలువ గింజలు ఆవగింజ కన్నా చిన్నవి. తామర గింజ సెంటీమీటరుకు తగ్గకుండా, గట్టిగా ఉంటుంది. తేడా పొట్లం విప్పగానే తెలిసిపోతుంది.

‘రాత్రి నానబెట్టి పొద్దున నాటితే చాలదా?’ చాలదు. పైపెంకు నీటిని లోపలికి రానివ్వదు. చైనాలో ఒక ఎండిపోయిన చెరువు అడుగున దొరికిన తామర గింజ మొలకెత్తిందని 1995లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాని వయసు సుమారు 1,300 ఏళ్లని లెక్కగట్టారు. అంటే వేంగిని తూర్పు చాళుక్యులు ఏలుతున్న నాటిది. అన్నాళ్లు లోపలి పప్పును కాపాడిన పెంకే మన టబ్బులో మొలకకు అడ్డం.

అందుకే గింజను గీరాలి. తోట పుస్తకాలు దీన్నే స్కారిఫికేషన్ అంటాయి. గింజకు ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొసన చిన్న గుంట ఉంటుంది. గుంట ఉన్న వైపు ఆకురాయి మీదో గరుకు కాగితం మీదో రుద్దండి. లోపలి తెలుపు కాస్త తొంగిచూడగానే ఆపేయాలి. ఇంకా రుద్దితే పప్పు దెబ్బతిని కుళ్లుతుంది.

గీరిన గింజల్ని గాజు గ్లాసు నీళ్లలో వేసి, రోజూ నీళ్లు మార్చండి. నీళ్లు 25 నుంచి 30 డిగ్రీల వేడిలో ఉండాలి. ఫిబ్రవరి చివరి నుంచి మన కుళాయి నీళ్లే సరిపోతాయి, కాచనక్కర్లేదు. ఒకటి రెండు రోజుల్లో గింజ ఉబ్బుతుంది. వారం, పది రోజుల్లో పచ్చటి మొలక వస్తుంది. ఉబ్బకపోతే మరికాస్త గీరండి. నీళ్లు తెల్లబారి వాసన వేస్తే ఆ గింజ పోయినట్టే. ఒక్క గింజతో కాకుండా నాలుగైదింటితో మొదలుపెట్టమనేది ఇందుకే.

రెండు మూడు ఆకులు తేలి, వేళ్లు కనబడ్డాక టబ్బులోకి మార్చాలి. 45 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు, అడుగున చిల్లు లేనిది చూసుకోండి. అందులో 12 సెంటీమీటర్ల మందాన చెరువు మట్టి గానీ రేగడి గానీ పరవాలి. ఇందుకు దాదాపు 19 లీటర్ల మట్టి, అంటే పెయింటు బకెట్‌కు కాస్త తక్కువ పడుతుంది. కొబ్బరి పొట్టు వద్దు, తేలిపోతుంది. పైన 5 సెంటీమీటర్ల నీళ్లతో మొదలుపెట్టి, కాడలు సాగేకొద్దీ పెంచండి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ పడాలి. నీడలో ఆకులు వస్తాయి గానీ పూలు రావు.

నీళ్ల ఖర్చెంత? మే నెల ఎండకు మట్టం రోజుకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఈ టబ్బుకు అది సుమారు లీటరున్నర, పది రోజులకు ఒక బిందె. ఆకులు పెరిగాక ఇంకొంచెం ఎక్కువే తాగుతాయి.

దోమల భయం నిజమైనదే. వేసవి వేడికి గుడ్డు వారం, పది రోజుల్లో దోమవుతుంది. నాలుగైదు గప్పీ చేపల్ని వదిలితే అవే చూసుకుంటాయి. ఎరువు మాత్రం ఆకులు నీటిపైకి నిటారుగా లేచేదాకా వేయకండి. ఆ తర్వాత నెలకు అర చెంచా డీఏపీని కాగితంలో చుట్టి, కాండానికి దూరంగా బురదలోకి దోపండి. నీళ్లలో చల్లితే పాచి పెరుగుతుంది, చేపలకూ ముప్పే.

పువ్వు ఎప్పుడంటారా? అదృష్టముంటే మొదటి ఏడే, సాధారణంగా రెండో ఏట. రంగు కూడా తల్లి మొక్కలాగే ఉంటుందని చెప్పలేం. ఈ వేసవిలోనే పూయాలి, ఫలానా రంగే కావాలి అనుకుంటే నర్సరీలో దుంప కొనడమే మేలు. నా మాటా అదే. గింజ దారి మొలకను చూసే సరదా ఉన్నవాళ్లకు.

చలికాలంలో ఆకులు పండి ఎండితే మొక్క చచ్చిందని టబ్బు బోర్లించకండి. దుంప బురదలో బతికే ఉంటుంది. మట్టి ఎండకుండా చూసి, ఫిబ్రవరిలో మళ్లీ నీళ్లు పెంచండి.