కరెంటు బిల్లు చదవడం వచ్చా?

డిగ్రీ పూర్తికావొచ్చింది. కోడింగ్‌, ఇంగ్లిష్‌ నేర్చుకుంటున్నారు. మరి నెలనెలా ఇంటికొచ్చే కరెంటు బిల్లులో ఏముందో అడిగితే చెప్పగలరా? అనంతపురం లాంటి కరవు సీమలో వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏడాది కూడా బిల్లు ఆగదు. దాన్ని తగ్గించే పథకాలున్నాయి. కానీ అవి నడిచి ఇంటికి రావు. వివరాలు సరిచూసి, దరఖాస్తు పెట్టి, వెంటపడాలి. చాలా ఇళ్లలో ఆ పని చేయగలిగేది చదువుకున్న మీరే. ఇది నేర్చుకుంటే ఇంటికి ఆదా, ఉద్యోగ వేటలో మీకూ ఓ దారి.

చివరి యూనిట్లే భారం

రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ శ్లాబులు చూడండి. తొలి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6 చొప్పున పడుతుంది. ఈ లెక్కన 150 యూనిట్లు కాల్చే ఇంటికి రూ.567 అవుతుంది. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీల వంటివి దీనికి అదనం.

ఇందులో చివరి 25 యూనిట్ల ఖర్చు రూ.150. మొదటి 61 యూనిట్ల ఖర్చూ సరిగ్గా అంతే! అంటే పొదుపు చేసే ప్రతి యూనిట్‌ ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతుంది. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానుకైతే 11 యూనిట్లు చాలు. ఇలా రెండు ఫ్యాన్లు మారిస్తే పై ఇంట్లో నెలకు సుమారు రూ.180 మిగులుతుంది.

సాయం ఎక్కడుంది?

* ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు పథకం ఉంది. అర్హత ఉండీ బిల్లు కడుతుంటే కుల ధ్రువీకరణ పత్రం, సర్వీస్‌ నంబరుతో సచివాలయంలో అడగండి.
* 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌ కింద ఇంటిపై 2 కిలోవాట్ల సౌర పలకలకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన రూ.78 వేలు కేంద్రం రాయితీ ఇస్తుంది. రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితం. బీసీలకు అదనంగా రూ.20 వేల వరకు సాయం.

కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయనుకుంటే, 2 కిలోవాట్లతో నెలకు 240 యూనిట్లు. అయితే సొంత మిద్దె, దానిపై నీడ పడని చోటు కావాలి. అద్దె ఇంట్లో ఉన్నవారికి ఈ దారి కష్టం. వాళ్లకు ఫ్యాన్లు, ఎల్‌ఈడీ బల్బులే మార్గం.

ముందు ఇవి చూడండి

* బిల్లుపై పేరు, ఆధార్‌లో పేరు ఒకటేనా? తాత పేరు మీదే కనెక్షన్‌ ఉంటే ముందుగా పేరు మార్పించండి.
* పాత బకాయిలున్నాయా?
* దరఖాస్తు అధికారిక పోర్టల్‌లోనే చేయాలి. అందులో నమోదైన విక్రేతనే ఎంచుకోవాలి. కేంద్ర రాయితీ పలకలు బిగించి, తనిఖీ అయ్యాక వినియోగదారు బ్యాంకు ఖాతాకే వస్తుంది. ‘రాయితీ ఇప్పిస్తా, ఓటీపీ చెప్పు’ అంటే నమ్మొద్దు.

ఉపాధి ఎలా?

ఉమ్మడి జిల్లాలోని ఎన్‌పీ కుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సౌర కేంద్రం 2016లోనే పనిచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు ఇంటింటికీ వస్తున్న పలకలకు బిగించేవాళ్లు, మరమ్మతు చేసేవాళ్లు కావాలి.

* ఐటీఐ ఎలక్ట్రీషియన్‌, వైర్‌మన్‌: జాతీయ సౌరశక్తి సంస్థ 2015లో మొదలుపెట్టిన ‘సూర్యమిత్ర’ శిక్షణ ఉంది. 2019లో సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్‌ పోస్టులకు స్తంభం ఎక్కడం, మీటర్‌ రీడింగ్‌, సైకిల్‌ తొక్కడంలో పరీక్ష పెట్టారు. మళ్లీ నోటిఫికేషన్‌ వస్తే ఇలాంటి సాధన పనికొస్తుంది.
* డిప్లొమా, బీటెక్‌: విక్రేత సంస్థల్లో సైట్‌ సర్వే, డిజైన్‌ పనులుంటాయి. అనుభవం వచ్చాక బీఈఈ నిర్వహించే ఎనర్జీ ఆడిటర్‌ పరీక్ష రాయొచ్చు.
* సాధారణ డిగ్రీ: దరఖాస్తులు, బ్యాంకు రుణ పత్రాలు, వినియోగదారుల సేవ.

ఒక్క శిక్షణతో ఉద్యోగం ఖాయమని ఎవరూ చెప్పలేరు. కానీ అనుభవం లేదన్న మాటకు జవాబు మీ వీధిలోనే ఉంది. ఈ వారం మీ ఇల్లు, మరో నాలుగిళ్ల ఏడాది బిల్లులు తీసుకోండి. ఏ నెలలో ఎన్ని యూనిట్లు, ఏ పథకానికి అర్హత, ఏ పత్రం తక్కువ అన్నది పట్టిక వేయండి. ఒక్క ఇంటికైనా సాయం అందేదాకా వెంట ఉండండి. ఇంటర్వ్యూలో ‘ఏం చేశావు?’ అంటే చూపించడానికి ఆ పట్టిక ఉంటుంది.