తడిసిన చొక్కా.. తగ్గని కొవ్వు

పోలీసు నోటిఫికేషన్ రాబోతోందన్న మాట వినిపిస్తే చాలు, జిల్లా కేంద్రాల్లోని గ్రౌండ్లు తెల్లవారుజామునే నిండిపోతాయి. ఆ గుంపులో ఒకరిద్దరు ప్రత్యేకంగా కనిపిస్తారు. ఎండాకాలంలో రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తేవాళ్లు! పొట్టకు పాలిథిన్ కవర్ చుట్టి, దాని మీద టీషర్టు, ఆ పైన జాకెట్ వేసేవాళ్లూ ఉంటారు. రౌండ్లు అయ్యాక చొక్కా విప్పి పిండితే నీళ్లు కారతాయి. రూముకెళ్లి వెయింగ్ మిషన్ ఎక్కితే కిలో తగ్గి ఉంటుంది. ‘చూశావా, ఎలా కరిగిందో’ అని రూమ్మేట్‌కి చూపిస్తాడు. మర్నాడు ఆ రూమ్మేట్ కూడా కోటుతోనే వస్తాడు.

మిషన్ అబద్ధం చెప్పలేదు. కిలో తగ్గిన మాట నిజమే. ఏం తగ్గిందన్నదే చూడాలి.

కిలోలో కొవ్వెంత?

70 కిలోల బరువున్న కుర్రాడు 5 కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 350 కేలరీలు ఖర్చవుతాయి. ఒక కిలో శరీర కొవ్వులో ఉండే శక్తి దాదాపు 7,700 కేలరీలు. ఖర్చయిన శక్తంతా కొవ్వు నుంచే వచ్చిందనుకున్నా (నిజానికి అలా రాదు, పిండిపదార్థాలూ వాడుకుంటుంది ఒళ్లు), కరిగేది 45 గ్రాములు. కిలో తగ్గితే అందులో మిగతా 950 గ్రాములు దాదాపుగా నీళ్లే. రెండు గ్లాసుల మజ్జిగ, టిఫిను అయ్యేసరికి అందులో చాలావరకు తిరిగి వచ్చేస్తుంది. అప్పుడు ‘గాలి పీల్చినా లావైపోతున్నా’ అని బాధపడటం!

చెమటలో కొవ్వు ఉండదు. 99 శాతం నీరు, కొంత ఉప్పు, మరికొన్ని లవణాలు, అంతే. మరి కరిగిన కొవ్వు ఎటు పోతుంది? 2014లో ఆస్ట్రేలియా పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క ప్రచురించారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ముక్కులోంచి బయటికి పోతుంది. 1.6 కిలోలు మాత్రమే నీరవుతుంది. అంటే కొవ్వు పోయే ప్రధాన దారి చర్మం కాదు, ఊపిరి. అలాగని కూర్చుని గబగబా ఊపిరి తీస్తే లాభం లేదు. కండరాలు పనిచేసి కొవ్వును మండించాలి.

కోటు చేసే పని

చెమట పట్టేది ఒళ్లు చల్లబడటానికి. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరైతే దాదాపు 580 కేలరీల వేడిని వెంట తీసుకుపోతుంది. ఇక్కడ ముఖ్యమైన మాట ‘ఆవిరైతే’. కారి నేల మీద పడ్డ చెమట ఒంటిని చల్లబరచదు. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే పరుగెత్తేవాళ్లకు ఈ సంగతి అనుభవమే. గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ధారగా కారుతుంది, ఉక్కపోత మాత్రం తగ్గదు. రామగుండం పొడి ఎండలో ఇందుకు తిరకాసు. చొక్కా అంతగా తడవదు, కానీ ఒంట్లో నీరు తెలియకుండానే ఖాళీ అవుతుంది. ఆరిన చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలే సాక్ష్యం. రెండుచోట్లా ఒకే వేగంతో, ఒకే దూరం పరుగెత్తిన మనిషికి కరిగే కొవ్వులో పెద్ద తేడా ఉండదు.

రెయిన్‌కోటు వేసుకోవడమంటే ఒంటి చుట్టూ మనమే ఒక ఉక్కపోతను తయారు చేసుకోవడం. చెమట ఆవిరి కాదు, వేడి బయటికి పోదు. ఒళ్లు ఇంకా చెమట పోస్తుంది. రక్తంలో నీరు తగ్గేకొద్దీ అదే వేగానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవాలి. 1997 చివర్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు సుమారు నెల వ్యవధిలో చనిపోయారు. పోటీ బరువుకు దిగడానికి రబ్బరు సూట్లు వేసుకుని వేడి గదుల్లో కసరత్తు చేయడం ఆ మరణాలకు దారితీసింది. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంఘం రబ్బరు సూట్లను, సౌనాలను నిషేధించింది. అవే సూట్లు ఇప్పుడు ‘ఫ్యాట్ బర్నర్’ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

వినేశ్ చేసింది వేరే పని

‘మరి వినేశ్ ఫోగాట్ రాత్రికి రాత్రే తగ్గలేదా’ అని అడుగుతుంటారు కుర్రాళ్లు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫైనల్ ముందు రాత్రంతా ఆమె కసరత్తు చేసింది, సౌనాలో కూర్చుంది, చివరికి జుట్టు కూడా కత్తిరించుకుంది. పొద్దున తూకంలో 50 కిలోల కంటే 100 గ్రాములు ఎక్కువే ఉంది. పతకం పోయింది. ఒంట్లో నీరు తగ్గిపోవడంతో ఆ రోజే సెలైన్ పెట్టాల్సి వచ్చింది. ఆమె బృందం తీయాలనుకున్నది నీళ్లనే, కొవ్వును కాదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు. తూకం దాటాక మళ్లీ నీళ్లు తాగి బరిలోకి దిగడం ఆ ఆటలో లెక్క. నిపుణులు చుట్టూ ఉండి చేసినా అలా వికటించింది.

మీ ఈవెంట్స్‌లో చూసేది వేరు. 2022 నోటిఫికేషన్‌లో తెలంగాణ కానిస్టేబుల్ పోస్టులకు అబ్బాయిలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. అక్కడ గడియారం ఉంటుంది, నీళ్లు తీసేసిన శరీరానికి బోనస్ మార్కులేమీ ఉండవు. పైగా బరువులో 2 శాతం నీరు పోయినా ఎండలో పరుగు మందగిస్తుంది. కేంద్ర బలగాల ఉద్యోగాల్లో ఎత్తుకు, వయసుకు తగ్గ బరువు చూస్తారు, నిజమే. దానికోసం చివరి వారంలో నీళ్లు మానేయడం, ఒంట్లో నీరు లాగేసే మాత్రలు మింగడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. 2024లో ఝార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. పరీక్షలను కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. పూర్తి సామర్థ్యంతో వెళ్లినా వేడి ఎవరినీ వదలదు, ముందే ఎండిపోయి వెళితే చెప్పేదేముంది.

నిజంగా బరువు తగ్గాల్సినవాళ్లు నోటిఫికేషన్ కోసం చూడకుండా మూడు, నాలుగు నెలల ముందే మొదలుపెట్టాలి. రోజుకు 500 కేలరీలు లోటు ఉండేలా చూసుకుంటే వారానికి దాదాపు అర కిలో తగ్గొచ్చు. కప్పు అన్నం సుమారు 200 కేలరీలు. హాస్టల్ మెస్‌లో రెండోసారి వడ్డించుకోవడం మానేస్తే సగం పని అక్కడే అయిపోతుంది. మిగతాది పరుగు చూసుకుంటుంది.

రెండు వారాల పాటు వేడిలో క్రమంగా సాధన చేస్తే ఒళ్లు త్వరగా చెమట పట్టడం నేర్చుకుంటుంది. కాబట్టి నాలుగు రౌండ్లకే తడిసిపోతున్నానని చిన్నబుచ్చుకోకండి. మీ పక్కన పొడి చొక్కాతో ఉన్నవాడి కంటే మీ శరీరమే బాగా అలవాటు పడి ఉండొచ్చు.

తల తిరగడం, వాంతి, మాట తడబడటం, ఎక్కడున్నాడో తెలియకపోవడం కనిపిస్తే పరుగు ఆపించండి. మనిషిని నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా విసరండి. 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయొద్దు.

వెయింగ్ మిషన్‌ను మాత్రం పారేయకండి. పరుగుకు ముందు ఒకసారి, చెమట తుడుచుకుని తర్వాత ఒకసారి ఎక్కండి. కిలో తగ్గితే తర్వాతి కొన్ని గంటల్లో లీటరుంపావు నుంచి లీటరున్నర దాకా తాగాలి. ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ ఏదైనా సరే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఇక్కడ చెంచా అంటే టీస్పూనే.