గుండె లోపటి కాలిన మోటర్లు

మా చిన్నాయనకు రెండేండ్ల కింద గుండెల స్టెంట్ వేసిన్రు. మొన్న పండుగకు ఊరికి పోతే ఆయన గోలీల డబ్బా నిండుగ కనవడ్డది. ‘ఏంది చిన్నాయనా, ఏసుకుంటలేవా?’ అని అడిగిన.

‘ఇరవై దినాలాయె బంద్ వెట్టి. ఒక్కపొద్దులుంటున్న. ఉపాసముంటె గుండె లోపటి చెత్తంత దానంతటదే పోతదంట. దీనికి నోబెల్ ప్రైజు గుడ ఇచ్చిన్రంట రా’ అని ఫోన్ల వీడియో సూపెట్టిండు.

ఆ వీడియోల సగం నిజం ఉన్నది. పూర్తి అబద్ధమైతే మా చిన్నాయన నమ్మకపోవు. అందుకే అసలు సైన్సు ఎంత చెప్పింది, ఎక్కడ ఆగింది అనేది జర వివరంగ రాస్తున్న. మీ ఇంట్ల పెద్దోళ్ల ఫోన్లకు గుడ ఇసుంటియి వస్తనే ఉంటయి కదా.

గుండె ఒక్క రోజుల దగ్గర దగ్గర లక్షసార్లు కొట్టుకుంటది. మనం పండుకున్నా దానికి సెలవు లేదు. ఇంత పనికి బలం ఎక్కడికెల్లి వస్తది? గుండె కండల ప్రతి కణంల వేలకొద్ది చిన్న చిన్న మోటర్లసుంటివి ఉంటయి. వాటినే మైటోకాండ్రియా అంటరు. కణం లోపట సుమారు మూడోవంతు జాగ వీటిదే. బోరు మోటరు నీళ్లు తోడినట్టు, ఇవి మనం తిన్న తిండికెల్లి, పీల్చిన ఆక్సిజన్‌కెల్లి ఏటీపీ అనే ఇంధనం తోడుతయి. ఈ ఏటీపీని 1929ల కనిపెట్టినోళ్లల్ల మన తెలుగాయన గుడ ఉన్నడు. భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌ల సైరస్ ఫిస్కేతోని కలిసి దీన్ని బయటపెట్టిండు. అదే ఏడు జర్మనీల కార్ల్ లోమన్ వేరేగ కనిపెట్టిండు.

మోటరన్నంక ఎప్పుడో ఒకప్పుడు కాలుతది. కాలిన మోటరు నీళ్లు పోయకపోవుడే కాదు, ఒక్కోపారి బాడీకి కరెంటొచ్చి ముట్టినోన్ని కొడతది. చెడిపోయిన మైటోకాండ్రియా గుడ గంతే. ఏటీపీ తక్కువ చేస్తది, పైనంగ ఆక్సిజన్‌కెల్లి పుట్టే విషపు పదార్థాలను కణంల కక్కుతది. అసుంటివి ఎక్కువైతే కణమే సస్తది.

తోలుకు గాయమైతె కొత్త కణాలు పుట్టి మానుతది. గుండెకు ఆ సౌలతు దాదాపు లేదు. స్వీడన్ల యోనాస్ ఫ్రీసెన్ బృందం 2009ల లెక్కగట్టింది. 25 ఏండ్ల మనిషి గుండె కండ కణాల్ల ఏడాదికి ఒక్క శాతమే కొత్తయి వస్తయి. 75 ఏండ్లొచ్చేసరికి అది అర శాతం గుడ ఉండది. అంటె ముసలితనం దాక సగం కణాలు గుడ మారయి. కణాన్ని మార్చే ఉపాయం లేనప్పుడు, దాని లోపట కాలిన మోటరును తీసి పారేసుడే దారి.

ఈ పనిని ఆటోఫజీ అంటరు. తన్ను తాను తినుడు అని అర్థం. 1963ల క్రిస్టియన్ డి డూవ్ పెట్టిన పేరిది. కణం తన లోపట పాడైన సామానును ఒక సంచిల మూటగడతది. ఆ మూట లైసోసోమ్ అనే గోళంల కలుస్తది. ఆడ అంత ముక్కలై, పనికొచ్చేది మళ్ల వాడకానికి వస్తది. వైండింగ్ షాపాయన కాలిన మోటరు ఇప్పి రాగితీగ పక్కకు పెట్టినట్టు అనుకోండ్రి. పాడైన మైటోకాండ్రియాను ఇట్ల తీసేసుడుకు మైటోఫజీ అని పేరు.

నోబెల్ ముచ్చట ఇక్కడిదే. జపాన్ల యోషినోరి ఒసుమి 1988ల టోక్యో యూనివర్సిటీల సొంత ల్యాబ్ షురూ జేసి, రొట్టె పొంగనీకె వాడే ఈస్టు కణాలను ఆకలికి పెట్టి మైక్రోస్కోపుల సూసిండు. కొన్ని గంటలల్ల కణాల లోపట మూటలు కుప్పలైనయి. ఆ పని నడిపే జన్యువులను 1993ల ఆయన బృందం బయటపెట్టింది. అందుకు 2016ల నోబెల్ ఇచ్చిన్రు. గుండె జబ్బు మనుషులను ఉపాసం పెట్టి నయం చేసినందుకు కాదు.

మరి గుండె సంగతి? జపాన్ల ఒసాకా యూనివర్సిటీల కిన్యా ఒత్సు బృందం 2007ల ఎలుకల గుండెల ఆటోఫజీకి కావాల్సిన ఒక జన్యువును తీసేసింది. గుండె ఉబ్బింది, కొట్టుకునే బలం తగ్గింది. అమెరికాల శాన్ డియాగోల ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీల ఆసా గుస్టాఫ్సన్ అనే సైంటిస్టు ఇంకో అడుగు ముంగటికి పోయింది. పాడైన మైటోకాండ్రియా మీద ‘దీన్ని తీసేయుండ్రి’ అని గుర్తు వేసే పార్కిన్ అనే ప్రొటీన్ ఉంటది. ఆ పార్కిన్ లేని ఎలుకల మీద ఆమె బృందం చేసిన పని 2013ల అచ్చయింది. మామూలు రోజులల్ల ఆ ఎలుకల గుండెలు బాగనే ఉన్నయి. గుండెపోటు తెప్పించినంక తేడా కనవడ్డది. పార్కిన్ లేనివాటిల ఉబ్బిన, పాడైన మైటోకాండ్రియా పేరుకపోయినయి, గుండెల ఎక్కువ భాగం సచ్చిపోయింది, బతికిన ఎలుకలు తక్కువైనయి. ఎద్దడి ఒచ్చినప్పుడే చెరువు పూడిక సంగతి తెలిసినట్టు, గుండెపోటు రోజే ఈ సఫాయి పని విలువ తెలిసింది.

‘అయితె సఫాయి ఎంత పెంచితె అంత మంచిది కదా’ అనిపిస్తది. వీడియోలు చెప్పేది గుడ అదే. కాని న్యూజెర్సీల జునిచి సడోషిమా బృందం 2007ల ఎలుకలల్ల సూసింది వేరే. గుండెకు రక్తం ఆగినప్పుడు ఆటోఫజీ కాపాడింది. ఆగిన రక్తం మళ్ల పారినప్పుడు అదే ఆటోఫజీ మితిమీరి నష్టం జేసింది. ఎప్పుడు పెంచాలె, ఎంత పెంచాలె అనేది తేలితెనే మందు అయితది. అందుకే ఇప్పటిదాక గుండెకని ఆటోఫజీ మందు ఏదీ దుకాణంల లేదు.

ఇదంత చిన్నాయనకు మోటర్ల లెక్కనే చెప్పిన. ‘మరి ఆకలితోని సఫాయి పెరిగేది అబద్ధమా?’ అన్నడు. అబద్ధం కాదు. ఈస్టుల, ఎలుకలల్ల పెరుగుడు నిజమే. కాని రక్తనాళంల పేరుకున్న కొవ్వును ఇది ఊడ్చిపడేస్తదని నోబెల్ ఇచ్చినోళ్లు గుడ చెప్పలే. ఇగ స్టెంట్ వేసినంక ఇచ్చే, రక్తం గడ్డకట్టకుండ చేసే గోలీ పని వేరు. అది సొంతంగ బంద్ వెడితె స్టెంట్ల గడ్డకట్టి నాళం మూసుకపోవచ్చు. షుగర్ మందులు వాడేటోళ్లు అడగకుండ ఉపాసముంటె షుగర్ పడిపోయి తల్కాయ తిరిగి పడిపోవచ్చు.

మర్నాడే ఆయనను డాక్టరు దగ్గరికి తీస్కపోయిన. గోలీలు మళ్ల షురూ అయినయి. ఒక్కపొద్దు ఉండొచ్చా, ఎట్ల ఉండాలె అనేది గుడ ఆడనే అడిగిండు.

మీరు గుడ ఈ వారం ఇంట్ల పెద్దోళ్ల గోలీల డబ్బా ఒకపారి తీసి సూడుండ్రి. ఎవరికన్న ఛాతిల బరువుగ, మంట లెక్క నొప్పి లేసి చెమటలు పడితె గ్యాస్ అని కూసోకుండ్రి, 108కి ఫోన్ జేయుండ్రి. రక్తం ఆగి ఒక్కో నిమిషం గడుస్తుంటె సచ్చే కణాలు మళ్ల పుట్టేటియి కావు.