మాత్ర చేతిలో పెట్టే ముందు

పిల్లలు ఎక్కడో అమెరికాలో ఉంటే, ఇక్కడ అమ్మానాన్నలకు మందులు అందించే పని కేర్‌టేకర్ మీద పడుతుంది. మందుల డబ్బా చేతికిచ్చి, వాట్సాప్‌లో చీటీ ఫోటో పంపి, పొద్దున ఇవి, రాత్రి అవి అని చెప్పి ఊరుకుంటారు. లెక్క తప్పకుండా ఇచ్చినా ప్రమాదం జరగొచ్చు. నిన్న పడిన మాత్ర ఈరోజు పడకపోవచ్చు, ఎందుకంటే ఈరోజు ఆ మనిషి తిండీ ఒంటి పరిస్థితీ వేరు.

షుగర్ మందుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ మరీ పడిపోవడం అరుదు. దాంతో వచ్చే చిక్కు కడుపు పాడవడం, అందుకే తిన్నాక ఇస్తారు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ అలా కాదు. ఇవి క్లోమం నుంచి ఇన్సులిన్‌ను బయటికి తెప్పిస్తాయి, మనిషి తిన్నదీ లేనిదీ వాటికి పట్టదు. కార్తీక సోమవారమని మామ్మగారు టిఫిన్ మానేసి మాత్ర మాత్రం వేసుకుంటే, కాసేపటికి చెమటలు, వణుకు, తికమక మాటలు మొదలుకావచ్చు. ఉపవాసాల సంగతి డాక్టరుకు ముందే చెప్పి ఉంచాలి. గ్లూకోమీటర్‌లో 70 కంటే తక్కువ చూపించి, మనిషి తెలివిలో ఉంటే, మూడు చెంచాల గ్లూకోజ్ గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. మెటోప్రొలాల్, అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గించే మందులు. ఇవి వాడేవారికి షుగర్ పడిపోయినా వణుకు, గుండెదడ అంతగా కనిపించవు. చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి.

స్ట్రిప్ మీద బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉంటుంది. దాని చివరి అక్షరాలు చూస్తే ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది. 'డిపిన్' అని ముగిసే అమ్లోడిపిన్ లాంటివి రక్తనాళాలను సడలిస్తాయి, కొందరికి పాదాలు వాస్తాయి. 'ప్రిల్' మందులతో కొందరికి పొడిదగ్గు పట్టుకుంటుంది. నన్నడిగితే, పెద్దవాళ్ల డబ్బాల్లో అనవసరపు మందులు చేరేది ఇలాగే: దగ్గుకో సిరప్, వాపుకో ఫ్రూసెమైడ్, దానివల్ల పొటాషియం తగ్గితే ఇంకొకటి. కొత్త బాధ కనిపిస్తే ఈమధ్య ఏ మాత్ర మొదలైందో చెప్పగలిగేది పక్కనే ఉండే మనిషి. డాక్టరు అడగకపోయినా చెప్పాలి.

'ప్రిల్', 'సార్టాన్' అని ముగిసే మందులు, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, మెట్‌ఫార్మిన్ వాడేవారికి వాంతులో విరేచనాలో పట్టుకుంటే, తర్వాతి మోతాదు ఇచ్చేముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మొదటి మూడు రకాలూ కిడ్నీలను దెబ్బతీసే అవకాశం ఉంది, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుపోతుంది.

రక్తం పలచబడే మందులు వాడుతున్న తాతగారు మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెప్పించమంటే తేవద్దు. కడుపులో రక్తస్రావం కావచ్చు. విరేచనం తారులా నల్లగా వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తల తగిలేలా కిందపడితే బయటికి దెబ్బ కనిపించకపోయినా అంతే.

థైరాయిడ్ మాత్ర పరగడుపున ఇవ్వాలి, క్యాల్షియం, ఐరన్ మాత్రలకు దానితో నాలుగు గంటల ఎడం ఉండాలి. నిద్రమాత్ర వేసుకున్నవాళ్లు రాత్రి బాత్రూంకి లేస్తే తోడు వెళ్లాలి. ఆ మాత్రను ఒక్కసారిగా ఆపేయకూడదు.

మింగలేకపోతున్నారని మాత్రలను పొడి చేయడం చాలా ఇళ్లలో అలవాటు. పేరు పక్కన ఎక్స్ఎల్, ఎస్ఆర్, సీఆర్ లాంటి అక్షరాలుంటే ఆ పని చేయకండి. రోజంతా నెమ్మదిగా విడుదల కావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. అదే మందు సిరప్‌గానో, నలిపి ఇవ్వదగ్గ మాత్రగానో దొరుకుతుందేమో డాక్టరునో ఫార్మసిస్టునో అడగండి.