ఆసుపత్రి జనరేటర్ ఎందుకు ఆగిపోతుంది? డీజిల్, సేఫ్టీ ట్రిప్‌ల గురించి సిబ్బందికి, ప్రజలకు

ఈ పీడీఎఫ్ ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాల సిబ్బంది, సంక్షేమ వసతి గృహాల వార్డెన్లు, ఆసుపత్రి అభివృద్ధి సంఘాల సభ్యుల కోసం. కాన్పు కోసం ఇంట్లో మనిషిని సర్కారు ఆసుపత్రికి తీసుకొచ్చే కుటుంబాలు కూడా చదవొచ్చు. వాళ్లకు సంబంధించిన మాట ఒకటి చివర్లో ఉంది.

ముందు ఒక రాత్రి సంగతి. తుపాను సమయంలో నాకు కంట్రోల్ రూమ్ డ్యూటీ పడింది. రాత్రి రెండు దాటాక తీరం పక్క మండలం ఆసుపత్రి నుంచి స్టాఫ్ నర్సు ఫోన్. "సార్, కరెంటు లేదు. జనరేటర్ ఆగిపోయింది. డీజిల్ పోశాం, అయినా స్టార్ట్ అవడం లేదు. లోపల కాన్పు కేసు ఉంది." డీజిల్ ఎవరు తెచ్చారమ్మా అని అడిగితే, ఆ గర్భిణి అన్నయ్య వానలో బండి మీద బంకుకు వెళ్లి, తన డబ్బుతో మంచినీళ్ల క్యాన్‌లో పట్టుకొచ్చాడని చెప్పింది. చివరికి రెండు సెల్‌ఫోన్ల టార్చి వెలుగులో కాన్పు చేశారు. తల్లీబిడ్డా క్షేమం. తెల్లారి మెకానిక్ వచ్చి చూస్తే ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. పది నిమిషాల పని. కానీ ఆ పది నిమిషాల పని రాత్రి అక్కడున్న ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. తర్వాత ఆ మెకానిక్ దగ్గరే కూర్చుని అడిగి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

ట్యాంకు ఎండిపోతే ఏమవుతుంది?

మోటారు సైకిల్‌లో పెట్రోలు అయిపోతే పోసుకుని కిక్ కొడితే చాలు. డీజిల్ ఇంజన్ అలా కాదు. ట్యాంకు నుంచి ఫిల్టర్‌కు, అక్కడి నుంచి పంపుకు, పంపు నుంచి ఇంజెక్టర్లకు పైపుల నిండా డీజిలే ఉండాలి. ట్యాంకు పూర్తిగా ఎండేదాకా నడిపితే పైపుల్లోకి గాలి చేరుతుంది. దీన్నే మెకానిక్‌లు ఎయిర్ లాక్ అంటారు. ఆ తర్వాత ట్యాంకు నిండా పోసినా గాలి అడ్డంగా ఉంటుంది కాబట్టి ఇంజెక్టర్‌కు డీజిల్ అందదు. ఫిల్టర్ దగ్గర గాలి తీసే స్క్రూ కొద్దిగా వదులు చేసి, పక్కనున్న చేతి పంపును బుడగలు ఆగేదాకా కొట్టి, స్క్రూ మళ్లీ బిగించాలి. ఈ పని మీ ఆసుపత్రిలో కనీసం ఇద్దరికి చేతకావాలి, వాళ్లలో ఒకరు నైట్ డ్యూటీ మనిషి అయి ఉండాలి. సర్వీసుకు మెకానిక్ వచ్చిన రోజున పక్కన నిలబడి ఒకసారి మీ చేత్తో చేయండి. చూసినంత మాత్రాన రాదు.

కొన్ని జనరేటర్లలో డీజిల్ తగ్గగానే, అడుగున ఇంకా కొంత ఉండగానే, ఇంజన్ తనంతట తానే ఆగిపోతుంది. "డీజిల్ ఉన్నా ఆగిపోయింది, సెన్సార్ పాడైంది" అని చాలామంది అనుకుంటారు. పాడవలేదండీ, గాలి చేరకుండా ముందే ఆపింది.

ఆ రాత్రి ఇంకో పొరపాటు కూడా జరిగింది. ఆటోమేటిక్ ప్యానెల్ సాధారణంగా మూడుసార్లు సెల్ఫ్ కొట్టి, అప్పటికీ ఇంజన్ అందుకోకపోతే లాక్ అయిపోతుంది. బ్యాటరీ మొత్తం ఖాళీ కాకుండా ఈ ఏర్పాటు. మనవాళ్లు రీసెట్ నొక్కడం, సెల్ఫ్ కొట్టడం, మళ్లీ రీసెట్... చివరికి బ్యాటరీ కూడా దిగిపోయింది. పొద్దున గాలి తీశాక కూడా వేరే బ్యాటరీ తెచ్చి కలిపితే గానీ స్టార్ట్ కాలేదు.

ఎంత డీజిల్ కావాలి?

ఒక యూనిట్ కరెంటు తయారవడానికి సుమారు 300 మిల్లీలీటర్ల డీజిల్ పడుతుందని గుర్తుపెట్టుకోండి. 25 కేవీఏ జనరేటర్ పూర్తి లోడ్ అంటే 20 కిలోవాట్లు. సగం లోడ్ మీద నడిస్తే గంటకు 3 నుంచి మూడున్నర లీటర్లు. ట్యాంకులో 60 లీటర్లు ఉంటే లెక్కకు 17 నుంచి 20 గంటలు వస్తుంది గానీ, అడుగున ఉన్నది వాడలేం కాబట్టి 15 గంటలే అనుకోండి.

మరి తుపాను 15 గంటల్లో వదులుతుందా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు, బంకుల ముందు జనం బారులు తీరారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలదీ అదే పరిస్థితి. కరెంటు లేకపోతే బంకులో పంపూ తిరగదు, దాన్నీ జనరేటర్ మీదే నడపాలి. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే డీజిల్ తెచ్చి పెట్టుకోవాలి. పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ మొత్తం 2,500 లీటర్లు దాటకుండా, ఒక్కో పాత్రలో 1,000 లీటర్లు మించకుండా ఉంటే నిల్వకు లైసెన్సు అక్కర్లేదు. ఒక డ్రమ్ము పెట్టుకోవడానికి భయపడనవసరం లేదు. అయితే వార్డుకు, వంటగదికి దూరంగా, నీడలో, మూత బిగించి పెట్టండి. దగ్గర బీడీ, సిగరెట్ వద్దు.

నీళ్ల క్యాన్ సంగతి కూడా చెప్పాలి. డీజిల్‌లో నీరు కలిస్తే అది అడుగుకు దిగి, ఇంజన్‌ను వెక్కిళ్లు పట్టినట్టు ఆపుతుంది, ఇంజెక్టర్లనూ తినేస్తుంది. పొడి పాత్ర, జల్లెడ ఉన్న గరాటు వాడండి. ఫిల్టర్ కింద నీరు వదిలే మర ఉంటే వారానికోసారి తిప్పి చూడండి. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చలికి ఆవిరి నీరవుతుంది. నిండుగా ఉంచడమే మేలు.

జనరేటర్ తనను తాను ఎందుకు ఆపుకుంటుంది?

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. అందుకే దాన్ని ఆపాలంటే డీజిల్ రాకుండా కట్ చేయాలి. ఈ పని సోలినాయిడ్ అనే చిన్న భాగం చేస్తుంది. చాలా మోడళ్లలో దానికి బ్యాటరీ కరెంటు అందుతున్నంతసేపే డీజిల్ దారి తెరిచి ఉంటుంది. వైరు ఊడినా ఇంజన్ ఆగిపోతుంది. కాబట్టి ఆగిన ప్రతిసారీ పెద్ద రోగమే అనుకోకండి, ముందు వైర్లు, బ్యాటరీ టెర్మినళ్లు చూడండి.

ప్యానెల్ మీద ఆయిల్ ప్రెజర్ తక్కువ అని వస్తే ఆ మాట నమ్మండి. ఇంజన్ ఆయిల్ ఒత్తిడి లేకుండా ఇంకొంచెంసేపు తిరిగితే బేరింగులు పట్టేస్తాయి. డిప్ స్టిక్ తీసి ఆయిల్ చూడండి. తగ్గితే అదే గ్రేడ్ ఆయిల్ పోయండి. ఆయిల్ సరిగ్గానే ఉంటే మెకానిక్ వచ్చేదాకా స్టార్ట్ చేయకండి. వేడి ఎక్కువైందని వస్తే రేడియేటర్ చెత్తతో మూసుకుందా, ఫ్యాన్ బెల్టు తెగిందా, గాలి వచ్చే దారిలో ఎవరైనా పాత మంచాలు, అట్టపెట్టెలు పెట్టారా చూడాలి. మన దగ్గర ఈ చివరిదే ఎక్కువ! ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు, మరిగే నీళ్లు మొహాన పడతాయి. ఇంజన్ వేగం నిమిషానికి 1,500 చుట్లు దాటి బాగా పెరిగినా ట్రిప్ అవుతుంది. అలా ఆగకపోతే వార్డులో మిషన్లు కాలిపోయే ప్రమాదం ఉంటుంది. ఇది మీరు చూసే పని కాదు, మెకానిక్‌కే వదలండి.

ఎర్ర గుండ్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఎవరి మోచెయ్యి తగిలినా నొక్కుకుపోతుంది. తిప్పి బయటకు తీసి, ప్యానెల్‌లో రీసెట్ చేస్తే గానీ ఇంజన్ కదలదు. సర్వీసు తర్వాత ప్యానెల్‌ను మళ్లీ ఆటోలో పెట్టడం మరిచిపోవడం కూడా మామూలే.

కొన్నిచోట్ల "మాటిమాటికీ ఆగుతోంది" అని సెన్సార్ వైరు కత్తిరించి నడుపుతారు. తెలివైన పనిలా కనిపిస్తుంది. నిజంగా ఆయిల్ అయిపోయిన రోజున ఇంజన్ పట్టేసి, కొన్ని వారాలపాటు ఆసుపత్రికి జనరేటరే ఉండదు. దయచేసి అలా చేయనివ్వకండి.

వారానికోసారి ఇరవై, ముప్పై నిమిషాలు లోడ్ పెట్టి నడపండి. ఖాళీగా తిప్పితే పొగ గొట్టంలో మసి, కాలని డీజిల్ పేరుకుంటాయి. తుపాను రోజుల్లో ఏసీలు, గీజర్లు ఆపేసి ప్రసూతి గదికి, టీకాల ఫ్రిజ్‌కు ముందు కరెంటు ఇవ్వండి. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐస్ లైన్డ్ ఫ్రిజ్ అయితే రోజుకు 8 గంటల కరెంటుతో చల్లదనం నిలుపుకుంటుంది. అంటే రోజంతా దాని కోసమే డీజిల్ కాల్చనక్కర్లేదు, మూత తెరవకుండా ఉంటే చాలు.

కుటుంబాలకు

జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి అమల్లో ఉంది. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, మందులు, పరీక్షలు, భోజనం, రానుపోను రవాణా అన్నీ ఉచితం. తల్లి చేతి నుంచి ఒక్క రూపాయి ఖర్చు కాకూడదన్నదే పథకం ఉద్దేశం. జనరేటర్‌కు డీజిల్ తెమ్మని, డబ్బు ఇమ్మని మిమ్మల్ని ఎవరూ అడగకూడదు. అడిగితే ముందు మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి. తేలకపోతే జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాయండి, లేదా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. తేదీ, సమయం, బంకు రసీదు ఉంటే జత చేయండి. ఆ రాత్రి వానలో వెళ్లిన అన్నయ్య దగ్గర రసీదు ఉంది, తడిసి ముద్దయింది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. అభివృద్ధి సంఘం తర్వాతి సమావేశంలో దాన్ని బల్ల మీద పెట్టారు. డబ్బు తిరిగి ఇచ్చేశారు. డీజిల్ డ్రమ్ముకు కూడా అదే రోజు తీర్మానం రాసుకున్నారు.