మురుగునీటి పైప్‌లైన్‌లో బఫర్

నేనుండే శాండియేగోలో వాన తక్కువ. తాగేనీళ్ళలో చాలా భాగం ఎన్నో ఏళ్ళుగా కొలరాడో నది నుంచి తెచ్చుకున్నవే. మరి ఊరి మురుగునీటినే శుద్ధిచేసి మళ్ళీ తాగితే? 1990లలోనే నగరపాలకులకు ఈ ఆలోచన వచ్చింది. గిట్టనివాళ్ళు దానికి "టాయిలెట్ టు టాప్" అని పేరు పెట్టేశారు. ఆ మూడు ముక్కల ముందు ఇంజనీర్ల లెక్కలేవీ నిలవలేదు. 1999లో సిటీ కౌన్సిల్ ఆ పథకాన్ని ఆపేసింది.

నిజానికి ఆ శుద్ధి ఎలా జరుగుతుందో పొరుగున ఉన్న ఆరెంజ్ కౌంటీలో చూడొచ్చు. అక్కడ 2008 నుంచీ ప్లాంటు నడుస్తోంది. మామూలు మురుగుశుద్ధి అయ్యాక సముద్రంలోకి పోవలసిన నీటిని మరో మూడు దశలు దాటిస్తారు. మొదట మైక్రోఫిల్ట్రేషన్: అతి సన్నని రంధ్రాలున్న గొట్టాలు బాక్టీరియాను ఆపుతాయి. తర్వాత రివర్స్ ఆస్మాసిస్. మన ఊళ్ళలో వంటింటి గోడకు తగిలించే ఆర్.ఓ.యే, కాకపోతే ఊరంతటికీ సరిపడేది! ఉప్పులు, వైరస్‌లు, మందుల అవశేషాలు దాదాపు ఇక్కడే ఆగిపోతాయి. చివర హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అల్ట్రావయొలెట్ కాంతి. మన భాషలో చెప్పాలంటే, ఒక్క ఫైర్‌వాల్‌నే నమ్ముకోలేదన్నమాట. ఆ నీరు పైపుల్ని తినేయకుండా తిరిగి సున్నం కలపాల్సి వస్తుంది, అంత శుద్ధి!

అయినా నేరుగా కుళాయికివ్వరు. భూమిలోకి ఇంకించి, బావుల్లోంచి తోడతారు. ఇదే బఫర్. ఎక్కడైనా తేడా వస్తే కనిపెట్టడానికి వ్యవధి ఇస్తుంది. అంతకన్నా పెద్ద ఉపయోగం, జనం ఆ నీటిని బావినీరుగా చూస్తారు. పైగా అక్కడివాళ్ళు ప్లాంటు కట్టడానికి ఏళ్ళ ముందునుంచే జనం దగ్గరకెళ్ళి ఓపిగ్గా వివరించారు. రోజుకు 7 కోట్ల గాలన్లతో మొదలై, 2023కల్లా 13 కోట్లకు పెరిగింది.

మా ఊళ్ళో 2007లో నమూనా ప్లాంటుకు కౌన్సిల్ ఒప్పుకుంటే మేయర్ జెర్రీ శాండర్స్ వీటో చేశారు; కౌన్సిల్ ఆ వీటోని తోసిపుచ్చింది. పూర్తి పథకానికి 2014లో ఏకగ్రీవంగా ఒప్పుకుంది. నీటిబిల్లు పెరుగుతుందన్న అభ్యంతరం నాకు సబబుగానే తోస్తుంది. "ఛీ, మురుగు" అన్నదే అర్థం కాదు. లాస్ వేగస్ శుద్ధిచేసి వదిలిన మురుగునీరు లేక్ మీడ్‌లో కలుస్తుంది, అక్కణ్ణుంచే కొలరాడో మా వైపు వస్తోంది. (గోదావరి ఒడ్డున పెరిగినవాళ్ళకు ఎగువ ఊరి సంగతి కొత్తగా చెప్పాలా!)

బఫర్ లేకుండానే ఇవ్వడానికి కాలిఫోర్నియా నియమాలు 2024 అక్టోబరులో అమల్లోకొచ్చాయి. ఈ వాదన మీ ఊరి కౌన్సిల్‌కు వస్తే వెళ్ళి ఒకటి అడగండి: సెన్సర్ తప్పు పట్టాక ఎన్ని నిమిషాల్లో నీటిని మళ్ళించగలరు?