కొత్త బడి, నాలుగు గవ్వలు



మన విశాఖపట్నం నలుగురూ వచ్చి చేరిన ఊరు. 1933లో ఇక్కడ ఓడరేవు తెరిచారు. 1971లో ఉక్కు ఫ్యాక్టరీకి పునాదిరాయి వేశారు. 1992లో ఆ ఫ్యాక్టరీని జాతికి అంకితం చేశారు. పని కోసం శ్రీకాకుళం నుంచి వచ్చారు. విజయనగరం నుంచి వచ్చారు. ఒడిశా నుంచి, బీహారు నుంచి కూడా వచ్చారు. ఇప్పటికీ వస్తున్నారు.

పెద్దవాళ్లకు పని దొరుకుతుంది. మరి పిల్లల సంగతి ఏమిటి?

కొత్త బడిలో చేరిన పాపను తలచుకోండి. పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. పాప మాట యాస వేరు. నోరు తెరిస్తే కొందరు నవ్వుతారు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లయితే ఇంకా కష్టం. నాలుగు రోజులు పోతుంది. అయిదో రోజు "అమ్మా, కడుపు నొప్పి. బడికి పోను" అంటుంది. మనం కోప్పడతాం. పిల్లకు చదువు మీద ఇష్టం లేదనుకుంటాం. చాలాసార్లు అసలు సంగతి అది కాదు. ఆ పిల్లకు తోడు లేదు.

ఇలాగే పది రోజులు మానేస్తే పాఠాలు అందవు. పాఠాలు అందకపోతే బడి ఇంకా దూరమవుతుంది. ఆడపిల్లయితే "సరే, ఇంట్లో తమ్ముణ్ణి చూసుకో" అనేస్తాం. అక్కడితో చదువు ఆగిపోతుంది.

దీనికి ఒక చిన్న మందు ఉంది. బడిలో ఆటల జట్టు పెట్టడం. వారానికి ఒక రోజు, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అరగంట చాలు. కూర్చుని ఆడే ఆటలు ఆడాలి. కూర్చుని ఆడే ఆటే ఎందుకు? కబడ్డీలో ఎవరు బలంగా ఉంటే వాళ్లనే పిలుస్తారు. కొత్తపిల్ల గట్టున నిలబడిపోతుంది. కూర్చుని ఆడే ఆటకు బలం అక్కర్లేదు. మాట కూడా పెద్దగా అక్కర్లేదు. పైగా మనిషి తక్కువైతే ఆట సాగదు. ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషి కావాలి. అప్పుడు వాళ్లే "నువ్వు రావే" అని కొత్తపిల్లను పిలుస్తారు.

అష్టా చెమ్మా మీకు తెలిసిన ఆటే. సుద్దముక్కతో నేల మీద 25 గళ్లు గీస్తాం. నాలుగు గవ్వలు వేస్తాం. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. పాపకు తెలుగు సరిగా రాకపోయినా గవ్వలు లెక్కపెట్టగలదు. లెక్కపెడుతూనే మాటలు నేర్చుకుంటుంది. కాయ చచ్చిపోతే మళ్లీ మొదటి నుంచి నడవాలి. ఓడిపోయినా లేచి ఆడడం అలా అలవాటవుతుంది.

పులి-మేక ఆట చూడండి. పులులు 3, మేకలు 15. మేక వెనక గడి ఖాళీగా ఉంటే పులి దూకి చంపేస్తుంది. మేకలన్నీ ఒకదాని వెనక ఒకటి నిలబడితే పులికి కదలడానికి దారి ఉండదు. ఒంటరిగా ఉంటే ఏమవుతుందో, కలిసి ఉంటే ఏమవుతుందో ఈ ఆట ఆడినవాళ్లకు వేరే చెప్పాలా?

చదరంగంలో 64 గళ్లు ఉంటాయి. ఒక్కొక్కరికి 16 పావులు. అన్నిటికన్నా చిన్నది బంటు. ఆ బంటే అవతలి చివరి గడికి చేరితే మంత్రి అవుతుంది. ఈ ఆట మగపిల్లలదే అనుకోకండి. మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి మహిళల ప్రపంచ ర్యాపిడ్ చదరంగం పోటీ గెలిచింది.

"ఆటలాడితే చదువు పోదా? జూదంలో ధర్మరాజు రాజ్యమే పోగొట్టుకున్నాడు కదా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. ధర్మరాజును ముంచింది పందెం. అందుకే బడి ఆటలో పందెం ఉండకూడదు. పైసా కూడా వద్దు.

ఇంకో రెండు జాగ్రత్తలు కావాలి. ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు వేసి తియ్యాలి. లేకపోతే పాత స్నేహితులే ఒకచోట చేరతారు. క్యారం బోర్డు ఎప్పుడూ మగపిల్లల దగ్గరే ఉండిపోకూడదు. ఆడపిల్లలకూ వంతు ఉండాలి.

మరి తల్లులుగా మనం ఏం చెయ్యగలం?

పిల్ల ఇంటికి రాగానే "ఏం చదివావు?" అని అడుగుతాం. "ఈరోజు ఎవరితో ఆడావు?" అని కూడా అడగండి. ఎవరితోనూ ఆడలేదంటే వెళ్లి టీచరుతో మాట్లాడండి. పక్కింటి పిల్లల్ని పిలిచి మీ గుమ్మంలోనే గవ్వలు వేయించండి. ఆట పెట్టె మీద నియమాలు రాసి ఉంటాయి. మీరే కూడబలుక్కుని పిల్లలకు చదివి వినిపించండి.

చట్టం కూడా మన వైపు ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడికి ఒక కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు. సగం మంది ఆడవాళ్లు. ఆ కమిటీలో కూర్చుని ఆటల జట్టు కావాలని అడగవచ్చు. ఇంకో మాట. ఊరు మారి వచ్చినప్పుడు పాత బడి టీసీ ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు. ఇది కూడా ఆ చట్టంలోనే ఉంది.

గవ్వలకు ఖర్చు లేదు. గవ్వలు లేకపోతే చింతగింజలు అరగదీసి వాడుకోవచ్చు. ఖర్చల్లా ఒక అరగంట. ఆ అరగంటలో ఒక పిల్లకు స్నేహితురాలు దొరికితే, మర్నాడు ఆ పిల్లను బడికి పొమ్మని మనం చెప్పక్కర్లేదు.

మీ వీధిలో కొత్తగా వచ్చిన పిల్లలు ఎవరైనా ఉన్నారా? ఈ సాయంత్రం వాళ్ల అమ్మను పలకరించండి.